గడప బయటి దీపం

మావారికి కరెంటు బిల్లంటే మహా భయం. రాత్రి తొమ్మిది కొట్టగానే ఆయన చేసే మొదటి పని గేటు లైటు ఆర్పడం. “మనమంతా లోపలే ఉన్నాం గదా, బయట లైటెవరికి?” అంటారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్నకు నేనెప్పుడూ జవాబు చెప్పలేదు. జవాబు చెప్పవలసినంత పెద్ద ప్రశ్న అని అనుకోలేదు కూడా. కానీ ఆ మధ్య ఒక డిసెంబరులో నెలరోజుల పాటు నా బుర్ర ఆ చిన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. నిజంగానే, బయట లైటెవరికి?

మాది సింగరాయకొండకు దగ్గర్లో ఒక చిన్న ఊరు. రైలెక్కాలన్నా, మంచి చీర కొనాలన్నా, పిల్లలకి జ్వరమొస్తే డాక్టరుకి చూపించాలన్నా సింగరాయకొండే మాకు దిక్కు. మా వైపు ‘ఊరు’ వేరు, ‘పల్లె’ వేరు. రెండింటికీ పేరొకటే, పోస్టాఫీసొకటే, వోటర్ల జాబితా కూడా ఒకటే. అయినా ఊరు ఊరే, పల్లె పల్లే. స్టేషను నుంచి వచ్చే దారిలో ముందు పల్లె వస్తుంది, తర్వాత ఊరు వస్తుంది.

కార్తీకం వెళ్ళి, శివాలయం ధ్వజస్తంభం మీది ఆకాశదీపం దించేసిన కొద్దిరోజులకే పల్లె మలుపులో వెదురు బొంగు మీద స్టారు ఎక్కుతుంది. ఇక అక్కణ్ణుంచి వాళ్ళ గుడి దాకా రోడ్డు పొడుగునా సీరియల్ సెట్లు, వేపచెట్లకి రంగు కాగితాల స్టార్లు, గుడి ముందు తాటాకు పాకలో పశువుల తొట్టి, అందులో పసిబిడ్డ బొమ్మ. ధనుర్మాసంలో మేం తెల్లవారుజామున లేచి వాకిట్లో ముగ్గు పెట్టే వేళకు కూడా ఆ దీపాలు వెలుగుతూనే ఉంటాయి. కందుకూరు వెళ్ళే బస్సు అక్కడికి రాగానే కాస్త నెమ్మదిస్తుంది. కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు “అదుగో, అదుగో” అంటారు. పెద్దవాళ్ళు ఏమీ అనరు గానీ, వాళ్ళూ చూస్తారు.

నేను మాత్రం చూసి ఊరుకోలేదు. నోరు పారేసుకున్నాను.

పల్లె నుంచి ఒక అవ్వ మాకు ఆకుకూరలు తెచ్చి ఇస్తుంది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను. ఆ ఏడాది దీపాలు మరీ ఘనంగా పెట్టారు. ఇంటికింతని చందాలు వేసుకున్నారని విన్నాను. ఆ ఉదయం అవ్వ గోంగూర కట్టలు అరుగు మీద పెట్టి లెక్కపెడుతోంది.

“ఇంత డబ్బు దీపాలకి తగలేసే బదులు, మీ పిల్లలకి పుస్తకాలు కొనొచ్చు గదా అవ్వా?” అన్నాను. ఎంతో మంచిమాట చెప్పానన్న తృప్తితోనే అన్నాను సుమండీ!

అవ్వ లెక్క ఆపలేదు. “నాలుగు, అయిదు...” అని కట్టలు నా చేతికిచ్చి, “మొన్న దీపావళికి మీ పిల్లోళ్ళు మతాబులు కాలస్తుంటే నేనేమన్నా అడిగినానా అమ్మా?” అంది.

కోపంగా అనలేదు. ఎత్తిపొడుపుగానూ అనలేదు. గోంగూర ధర చెప్పినట్టే చెప్పి, గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను ఆ అయిదు కట్టలూ పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాను.

ఆ పూట గోంగూర ఆకు దూస్తూ కూర్చుంటే నా గతమే నాకు గుర్తొచ్చింది. కాపురానికొచ్చిన కొత్తల్లో, నా మొదటి కథకు పత్రికవాళ్ళు పంపిన డబ్బుతో ఒక మంగళగిరి చీర కొనుక్కున్నాను. ఇంట్లో ఎవరూ తిట్టలేదు. “ఇప్పుడెందుకిది?” అని మాత్రం అడిగారు. మీలో ఎందరికి ఆ మూడు ముక్కలు తెలియవు చెప్పండి! డబ్బు మనదే, ముచ్చట మనదే, అయినా సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ చీర కట్టుకున్నప్పుడల్లా నాకు రంగు కంటే ముందు ఆ ప్రశ్నే గుర్తొచ్చేది. అంత బాధపడినదాన్ని, నాకంటే లేనివాళ్ళు కనపడగానే ఏం చేశాను? అదే ప్రశ్న తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టాను.

పని మనిషి సెల్‌ఫోను కొంటే మనకెందుకో నచ్చదు. చాకలి కూతురి పెళ్ళికి షామియానా వేస్తే “వీళ్ళకీ ఆర్భాటమే” అంటాం. మన ఆనందానికి పేరు సంప్రదాయం, వాళ్ళ ఆనందానికి పేరు దుబారా.

అసలు వీళ్ళని లెక్కలడగడం నాతో మొదలు కాలేదు. మా ప్రాంతపు చరిత్ర చదివితే అది నూటయాభై ఏళ్ళ నాటి అలవాటని తెలుస్తుంది. 1876లో మొదలైన ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. మట్టి మోసినవాళ్ళలో ఎందరో వచ్చి మతంలో కలుపుకోమని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. కూటి కోసం చేరారన్న మాట వాళ్ళ మీద పడకూడదని కరువు సాయం జరిగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ పని ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. అంత జాగ్రత్త పడ్డా ఆ మాట తప్పిందా? ఇవాళ్టికీ “అన్నం కోసం మారినవాళ్ళు” అనే వాళ్ళున్నారు. అలా అనేవాళ్ళెవరూ, అంతకుముందు అదే ఊళ్ళో వాళ్ళకి అన్నం ఎందుకు లేదో, గుళ్ళోకి దారి ఎందుకు లేదో లెక్క చెప్పరు. గుర్రం జాషువా గారు 1941లో ‘గబ్బిలం’ రాసింది ఆ దారి గురించే గదా. శివుడికి తన కష్టం చెప్పుకోవడానికి మనిషి వెళ్ళలేని చోటికి గబ్బిలాన్ని పంపవలసి వచ్చింది.

ఇదంతా పాత ముచ్చట అని దులిపేసుకోవడానికీ లేదు. కారంచేడు మా ప్రకాశం జిల్లాలోనే ఉండేది. 1985 జూలైలో, చెరువు నీళ్ళ దగ్గర మొదలైన మాట అక్కడ పల్లెవాళ్ళ ప్రాణాలు తీసింది. అప్పటికి నేను పలక పట్టుకుని బడికి వెళ్ళే పిల్లని. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మాత్రం గుర్తుంది.

ఇన్ని ఆలోచించాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. క్రిస్మస్ రెండు రోజులుందనగా ఒక సాయంత్రం పల్లెకి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా ఆ మలుపు దాటి వస్తున్నాను గానీ, మలుపు తిరగడం అదే మొదలు. అవ్వ నన్ను చూసి ఆశ్చర్యపోయినా పైకి కనపడనివ్వలేదు. నులకమంచం వాల్చింది.

“తప్పుగా మాట్లాడాను అవ్వా” అన్నాను.

“అదేందమ్మా, నువ్వొక మాటన్నావు, నేనొక మాటన్నా. సరిపోయింది” అంది.

“ఈ దీపాలు ఎప్పటి నుంచి పెడుతున్నారు మీరు?” అని అడిగాను. అడుగుతున్నప్పుడే భయమేసింది, ఇదీ లెక్క అడిగినట్టే ఉందేమోనని. కానీ అవ్వ ముఖం విప్పారింది. ఇన్నాళ్ళకి అడగవలసిన ప్రశ్న అడిగానన్న మాట!

“మొదటి స్టారు మా అత్త చేసిందమ్మా. స్టారని పేరేగానీ అదొక బుట్ట. అప్పట్లో ఈ పల్లె ఆడోళ్ళం గుంటూరు వైపు పత్తి తీతలకి పోయేవాళ్ళం. దీపావళి దాటినాక పోతే, పండగ ముందు రోజు రాత్రి రైలుకి తిరిగొచ్చేవాళ్ళం. టేసను కాడ నుంచి ఒకటే చీకటి. రెండు పక్కలా చిల్లకంప. కరెంటు స్తంభాలు ఊళ్ళోకి వచ్చినయ్యి గానీ పల్లెలోకి రాలా. మలుపు యాడుందో కనపడేది గాదు. ఒక ఏడు ఒక పిల్ల మలుపు దాటిపోయి వాగులో పడి కాలిరగ్గొట్టుకుంది. ఆ మరుసటేడు మా అత్త వెదురుబద్దలతో చట్రం కట్టి, గాలిపటం కాయితం అంటించి, లోపల లాంతరు పెట్టి, మలుపు కాడ బొంగుకి ఎత్తింది. దేవుడి కోసమా అంటే దేవుడి కోసమే. దారి కోసమా అంటే దారి కోసమే.”

“కిరసనాయిలు?”

“రేషనుది. ఎక్కడ సరిపోద్ది? అందుకని మా అత్త ఇంట్లో బుడ్డి ఆర్పేసేది. మేమొచ్చిందాకా చీకట్లోనే కూర్చునేది.”

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మా ఇంట్లో లోపల దీపం కోసం బయట దీపం ఆర్పుతాం. ఆ తల్లి బయట దీపం కోసం లోపల దీపం ఆర్పింది. మావారి ప్రశ్నకి జవాబు నలభై ఏళ్ళ కిందటే, మా ఇంటికి పిలుపు దూరంలోనే ఉంది.

క్రిస్మస్ స్టారు మీద నేనెక్కడో చదివిన సంగతి కూడా అక్కడే గుర్తొచ్చింది. జర్మనీలో నీస్కీ అనే ఊళ్ళో మొరేవియన్ క్రైస్తవుల బడి ఒకటుండేది. 1830ల్లో అక్కడి పిల్లలు లెక్కల పాఠంగా, కోణాలు కొలుచుకుంటూ కాగితంతో నక్షత్రం చేశారట. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు వాళ్ళు. అది ఇళ్ళకి పాకి, ఊళ్ళకి పాకి, ఆ తర్వాత ఆ సంఘం మిషనరీలు వెళ్ళిన దేశాలకల్లా వెళ్ళింది. అవ్వ అత్తగారికి నీస్కీ తెలియదు, కోణాలూ తెలియవు. కానీ ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళ బెంగ అక్కడా ఇక్కడా ఒకటే కాబోలు.

“ఇప్పుడు మరీ ఎక్కువైందిలే అమ్మా” అని అవ్వే అంది మళ్ళీ. “కుర్రోళ్ళకి వెలుగు కంటే మోత కావాల. పక్క పల్లె కంటే మనది పెద్దగా ఉండాలని పంతం. నేను తిడతానే ఉంటా. అప్పు చేసి మాత్రం ఒక్క బలుబు గూడా పెట్టొద్దన్నా. మలుపు కాడ కాయితం స్టారు మాత్రం తియ్యనియ్యను. అది మా అత్తది.”

చూశారా! నేను అడగాలనుకున్న లెక్క అవ్వ ఎప్పుడో అడిగేసింది. అయితే ఆమె అడిగింది లోపలి మనిషిగా, తన వాళ్ళని. ఖర్చు పెట్టిన చేతుల్లో తన చెయ్యి కూడా ఉంచి అడిగింది. నేను గట్టు మీద నిలబడి అడిగాను. తేడా అంతా అక్కడే ఉంది.

లేచి వస్తుంటే అవ్వ వెనక నుంచి, “మా కోసం కట్టిందేగానీ, నడిచేదెవరో దీపానికేం తెలస్తది? మీ ఊరోళ్ళూ నడిచినారు. మీ అత్తగారిని అడుగు, చెప్పద్ది” అంది.

ఆ రాత్రి అత్తయ్యని అడిగాను. ఆవిడ దేవుడి గూట్లో దీపం వత్తి సర్దుతోంది. సర్దుతూనే చాలాసేపు ఊరుకుంది. తర్వాత చెప్పింది.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడట, అంటే 1978. పుట్టింటి నుంచి వస్తున్నారు. అత్తయ్య, మామగారు, ఒళ్ళో ఆర్నెల్ల పిల్లాడు. రైలు ఆలస్యమై సింగరాయకొండలో దిగేసరికి అర్ధరాత్రి దాటింది. ఒంటెద్దు బండి కూడా లేదు. సన్నగా చినుకులు. పిల్లాడికి జ్వరం. చీకట్లో దారి తప్పి చిల్లకంపలో పడ్డారు. అప్పుడు దూరంగా, గాల్లో వేలాడుతున్నట్టు ఎర్రగా ఒక దీపం కనపడింది. “అది క్రిస్మస్ ముందు రాత్రని మాకేం తెలుసమ్మా? దయ్యమేమోననుకున్నాను” అంది అత్తయ్య. దగ్గరికి వెళితే దాని కింద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. రైలుకొచ్చే తనవాళ్ళ కోసం ఎదురుచూస్తోంది. వీళ్ళని చూసి, ఏమీ అడక్కుండా, బుట్టలోంచి లాంతరు తీసి చేత్తో పట్టుకుని ముందు నడిచింది.

“ఊరి మొదటి దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. అంతకంటే లోపలికి రాకూడదని ఆమెకీ తెలుసు, మాకూ తెలుసు. అక్కడే నిలబడి, మేం తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేదాకా లాంతరు పైకెత్తి పట్టుకుంది. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె పూర్తిగా తడిసిపోయి ఉంది. లోపలికి రమ్మని అనలేదు నేను. కాసిని మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. కొత్త కోడల్ని, మా అత్తగారేమంటారోనని భయం. తెల్లవారి వెళ్ళి ఒక మాట చెబుదామనుకున్నాను. ఆ తెల్లవారడం ఇంతవరకూ కాలేదు.”

ఆ ఆర్నెల్ల పిల్లాడే మావారు.

మా చెల్లెలు కాలిఫోర్నియాలో ఉంటుంది. దానికి ఫోనులో ఇదంతా చెబితే, వాళ్ళ వైపు ఉన్న ఆల్టడీనా ఊరి ఫొటోలు పంపింది. అక్కడ ఒక వీధికి రెండు వైపులా 1880ల్లో నాటిన దేవదారు చెట్లున్నాయి. మన హిమాలయాల చెట్టే. 1920లో ఫ్రెడరిక్ నాష్ అనే వ్యాపారి పూనుకుని ఆ చెట్లకి క్రిస్మస్ దీపాలు కట్టించాడు. అప్పటి నుంచి ఊరివాళ్ళే పూనుకుని కడుతున్నారు. 1990లో ఆ వీధిని అమెరికా చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. 2025 జనవరిలో వచ్చిన అగ్నిప్రమాదంలో ఆ ఊళ్ళో వేలాది ఇళ్ళు కాలిపోయాయి గానీ, ఆ చెట్లు చాలా వరకు నిలిచాయి. ఫొటోలు చూసి నేను నవ్వుకున్నాను, అంత సంతోషంగా కాదులెండి. దాదాపు మైలు పొడుగు దీపాలు! వాటిని చూసి “పుస్తకాలు కొనొచ్చు గదా” అని నా నోట రాలేదు. “ఎంత బాగున్నాయే!” అన్నాను. దూరంగా ఉన్నవాళ్ళ దీపాలకి మురిసిపోవడం, పక్కవాళ్ళ దీపాలకి లెక్కలు కట్టడం... ఇదేం బుద్ధి?

పండగలకి ఖర్చు పెట్టకూడదనే ప్రశ్న తప్పని నేననను. ఏ మతం పండగయినా అప్పుల్లో ముంచితే అది పండగ కాదు. కానీ ఆ ప్రశ్న మన ఇంటి దీపావళితో మొదలుపెట్టి, మన పిల్లల పెళ్ళిళ్ళ దగ్గర ఆగి, ఓపికుంటే అప్పుడు పక్కింటికి వెళ్ళాలి. ఇంకో సంగతి కూడా. ఒక దీపం ఎందుకు పుట్టిందో తెలుసుకోకుండా దానికి ధర కట్టకూడదు. లోపలి దీపం మన కోసం. బయట పెట్టిన దీపం ఎంత ఆర్భాటంగా ఉన్నా, అందులో కొంత భాగం దారినపోయేవాడిదే. పెట్టినవాళ్ళు వద్దనుకున్నా అది వాడిదే. బియ్యప్పిండి ముగ్గు చీమలకి చెందినట్టు.

క్రిస్మస్ ముందు రోజు ఉదయం అవ్వ తోటకూర తెచ్చింది. అత్తయ్య గడప దగ్గరికి వచ్చి, “లోపలికి రా, కాఫీ తాగి వెళుదువు గాని” అంది. నేను కాపురానికొచ్చాక ఆ మాట వినడం అదే మొదటిసారి. అవ్వ మెట్ల వైపు చూసింది.

“ఇప్పుడు మోకాళ్ళు పనిచెయ్యటం లేదమ్మా. మెట్లెక్కలేను” అంది.

నిజంగా మోకాళ్ళేనో, ఇంకేమైనానో నాకు తెలియదు. అడిగే హక్కు మాకుందని అనుకోను. అత్తయ్య ఒక్క క్షణం నిలబడింది. తర్వాత రెండు గ్లాసులు పట్టుకుని తనే మెట్లు దిగి, అరుగు మీద అవ్వ పక్కన కూర్చుంది. మా సింగరాయకొండ స్వామి నరసింహుడు. లోపలా కాదు, బయటా కాదు, గడప మీదే తీర్పు చెప్పినవాడు. ఆయన ఊరి మనుషులం, మాకు గడప సంగతి తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.

వాళ్ళిద్దరూ పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. “మీ అత్త ఎప్పుడు పోయింది?” అని అత్తయ్య అడగడం, “తొమ్మిదేళ్ళయిందమ్మా” అని అవ్వ అనడం విన్నాను. ఆ తర్వాత కాఫీ చప్పరించిన చప్పుడే.

ఆ రాత్రి తొమ్మిది కొట్టింది. మావారు అలవాటు ప్రకారం గేటు లైటు స్విచ్చి దగ్గరికి వెళ్ళారు.

“ఉండనీరా” అంది అత్తయ్య గదిలోంచి. “రైలు దిగి వచ్చేవాళ్ళుంటారు.”

ఆయన నా వంక చూశారు. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు. ఆ రాత్రి తెల్లవార్లూ మా గేటు లైటు వెలిగింది. బిల్లు ఎంత పెరిగిందో ఆయన లెక్క కట్టే ఉంటారు. 1978 నాటి కథ మాత్రం ఆయనకి మేమిద్దరం ఇంకా చెప్పలేదు. ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది.